గేరు సంగతి రిమోటుకు తెలియదు

2014 దీపావళికి సూరత్ నగరంలోని హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అనే వజ్రాల సంస్థ తన పనివారికి బోనసుగా 491 కార్లు పంచిపెట్టినప్పుడు దేశమంతా ముక్కున వేలు వేసుకున్నది. 2016లో అదే సంస్థ 1,260 కార్లనూ, 2018లో 600 కార్లనూ బహూకరించింది. అధిపతి సావ్‌జీ ఢోలకియా పేరు గుజరాత్ పొలిమేరలు దాటి మారుమ్రోగింది. వరుసలు తీరిన కొత్త కార్ల ఛాయాచిత్రాలు పత్రికలన్నింటిలోను వచ్చాయి. వజ్రాలకు సాన పట్టే మనిషి ఇంటికి మొట్టమొదటిసారిగా వచ్చిన కారు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నదన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టినట్లు లేదు.

వీధిలోనే పడుకున్నది. వరాఛా, కతార్‌గామ్ పేటలలో గాని, మరమగ్గాల చప్పుడు ఆగని ఉధనా, లింబాయత్ వాడలలో గాని కారుకు వేరే గది కట్టించుకోగల ఇళ్లు ఎన్ని? లింబాయత్‌లో నడిచిపోతూ వుంటే తెలుగు మాట చెవిన పడుతుంది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడి వున్నాయి. వారి పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు బడులనే నడిపింది. అటువంటి వీధిలో ఇంటిముందు నిలిచిన కారు ఒకరి ఆస్తే అయినా పదిమంది పిల్లలకు అది ఆటస్థలం. దాని చాటున దాగుడుమూతలు సాగుతాయి. బంతి దాని చక్రాల క్రిందికే దొర్లుతుంది.

కారు కొన్న నెలలోపుగా యజమాని విడిభాగాల దుకాణం మెట్లు ఎక్కుతాడు. సీటు కవర్లూ, పాటల పెట్టే అయిన తరువాత అతని చూపు అలారం మీద పడుతుంది. బేరం కుదిరే సమయానికి దుకాణదారు మరొక మాట వేస్తాడు: కొంత సొమ్ము అదనంగా పెట్టుకుంటే అదే రిమోటుతో ఇంజను కూడా స్టార్టు చేయవచ్చునట. మే నెల మధ్యాహ్నం మేడమీదనుండే మీట నొక్కితే, క్రిందికి దిగి వచ్చేసరికి కారు చల్లబడి వుంటుందట. నలభై డిగ్రీల ఎండలో కాలిన స్టీరింగును పట్టుకున్నవాడెవడూ ఈ మాటకు లొంగకుండా వుండలేడు.

ఈ పరికరం చలిదేశాల అవసరంలో పుట్టి పెరిగినది. కెనడా, ఉత్తర అమెరికా శీతల ప్రాంతాలలో తెల్లవారుజామున మంచు కప్పిన కారును వంటింట్లోనుండే వేడెక్కించడానికి అది ఉపయోగపడుతుంది. అక్కడి కార్లలో అత్యధిక భాగం తమంతట తాము గేరు మార్చుకొనేవి. వాటిలో గేరు కర్ర నిలుపుదల స్థానంలో గాని, తటస్థ స్థానంలో గాని లేకపోతే స్టార్టరు తిరగనే తిరగదు. ఆ ఏర్పాటు కంపెనీయే చేసి వుంటుంది. మన దేశంలో సామాన్యుడు కొనే చిన్నకారు చాలావరకు ఎడమ చేతితో గేరు వేసుకొనేది, ఎడమ కాలితో క్లచ్ తొక్కేది. ఒక ఏర్పాటుకోసం పుట్టిన వస్తువును మరొక ఏర్పాటుకు తగిలించడంలో వున్న చిక్కు అంతా ఇక్కడే వున్నది.

కారు గేరులో వుండగా తాళం తిప్పితే ఏమవుతుందో డ్రైవింగు నేర్చుకొనే రోజుల్లో అందరూ ఒక్కసారైనా చూచినదే. కారు కప్పవలె ఒక్క గెంతు గెంతి ఆగుతుంది. స్టార్టరు మోటారును తక్కువగా అంచనా వేయరాదు. బ్యాటరీనుండి అది ఒక్కసారిగా వంద ఆంపియర్లకు పైబడిన విద్యుత్తును లాగుకుంటుంది. రైలు పట్టాల మీద ఇంజను ఆగిపోతే మొదటి గేరు వేసి, కాలు క్లచ్ మీదనుండి తీసి, తాళం తిప్పుతూ కారును గట్టున పడవేసే ఉపాయం పాత డ్రైవర్లందరికీ తెలుసు. ఇంజను చచ్చినా స్టార్టరు ఒక్కటే కారును ఈడ్చుకుపోగలదు.

తాళం తిప్పే చేయి కారులోపలే వున్నంతకాలం ఈ గెంతు నవ్వులాట. చేయి మేడమీద వుండి, కారు వీధిలో వుంటే అది వేరే సంగతి.

వెనుకటి కార్బురేటరు కారు గేరులో వుండి స్టార్టయితే, ఒక కుదుపుతో ఇంజను ఊపిరి వదిలేది. ఇంధనాన్ని కంప్యూటరు కొలిచి పోసే నేటి ఇంజను అంత సులభంగా చావదు. వేగం పడిపోతున్నదని గ్రహించగానే అది మరికొంత ఇంధనం పోసి తన్ను తాను నిలబెట్టుకుంటుంది. డ్రైవరు సౌకర్యంకోసం చేసిన ఈ మెరుగుదలవల్లనే, మొదటి గేరులో మేల్కొన్న కారు మనిషి నడకంత వేగంతో ముందుకు సాగిపోగలదు. ఒకవేళ ఇంజను ఆగిపోయినా ముప్పు తప్పినట్లు కాదు. చాలా రిమోటు యంత్రాలు మొదటి ప్రయత్నం విఫలమైతే మళ్లీ మళ్లీ, సాధారణంగా మూడుసార్లు, ప్రయత్నించేటట్లు చేసినవి. ఒక గెంతు, ఒక విరామం, మరొక గెంతు. ఆ విరామంలో బంతికోసం ఒక పిల్లవాడు వంగి వుండవచ్చు.

హ్యాండ్‌బ్రేకు వేసి వుంటుంది కదా అని దుకాణదారు సమాధానం. ఇక్కడ సూరత్ వాన అడ్డు వస్తుంది. నైరుతి ఋతుపవనాల నెలల్లో అక్కడ కుంభవృష్టి. తడిసిన కారును హ్యాండ్‌బ్రేకు లాగి నాలుగు రోజులు వదిలితే వెనుక చక్రాల డ్రమ్ములలో బ్రేకు బద్దలు తుప్పు పట్టి అతుక్కుపోతాయి. అందుచేతనే అనుభవజ్ఞుడైన డ్రైవరు వానాకాలంలో హ్యాండ్‌బ్రేకు వదిలి, మొదటి గేరు వేసి కారు దిగుతాడు. పల్లపు వీధిలో ఎండాకాలంలోనూ అంతే. ఇది తప్పు కాదు, గురువు నేర్పిన మంచి అలవాటే. కాని ఆ మంచి అలవాటూ, జేబులోని రిమోటూ ఒకదానికొకటి శత్రువులు.

ఈ శత్రుత్వం కొత్తది కాదు. నూరేళ్లకు పూర్వం కారును స్టార్టు చేసేవాడు దాని ముందే నిలబడేవాడు. ముక్కులో ఇనుప హ్యాండిలు దూర్చి బలమంతా ఉపయోగించి త్రిప్పేవాడు. గేరు తీయడం మరచిపోతే కారు అతని మీదికే వచ్చేది. నిప్పు ముందుగా అంటుకుంటే హ్యాండిలు ఎదురు తిరిగి మణికట్టు విరిచేది. 1908లో బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు ఇటువంటి దెబ్బ తిని, ఆ తరువాత మరణించాడనీ, ఆ దుఃఖంతోనే కాడిలాక్ సంస్థ అధిపతి హెన్రీ లీలండ్ ఈ హ్యాండిలును వదిలించుకోవలెనని పట్టుబట్టాడనీ అమెరికా మోటారు రంగంలో ఒక కథ ప్రచారంలో వున్నది. కథ మాట ఎట్లా వున్నా ఫలితం చరిత్రకెక్కింది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లకు అమరింది. ఇంజను త్రిప్పే మోటారు రోజంతా తిరగనక్కరలేదు, కొన్ని సెకండ్లు అధిక భారం మోస్తే చాలునన్నది కెటరింగ్ గ్రహించిన కిటుకు. దానితో స్టార్టు చేసేవాడు కారు ముందునుండి కారు లోపలికి వచ్చి, కాలు క్లచ్ మీద పెట్టి కూర్చున్నాడు. మన దేశంలో అంబాసిడర్లూ, లారీలూ ఆ తరువాత చాలాకాలం హ్యాండిలును వెంటబెట్టుకొనే తిరిగాయి. బ్యాటరీ మొరాయించిన ఉదయాన క్లీనరు చెమటోడ్చి త్రిప్పేవాడు. త్రిప్పేముందు గేరు కర్రను అటూ ఇటూ ఊపి చూడమని డ్రైవరును కేకవేసేవాడు.

రిమోటు స్టార్టరు ఆ మనిషిని మళ్లీ కారునుండి దించివేసింది. గేరు కర్రను ఊపి చూచేవారు లేరు. ఆ పని ఎవరు చేయాలన్నదే ఈ యంత్రం అమర్చే ప్రతివాడూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న.

చేతిగేరు కార్లకోసమే తయారైన నాణ్యమైన యంత్రాలలో దీనికి ఒక ముచ్చటైన పరిష్కారం వున్నది. డ్రైవరు కారును నిలిపి, గేరు తీసి, ఇంజను నడుస్తుండగానే హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్ మీదనుండి కాలు తీస్తాడు. నిర్ణీతమైన మీట నొక్కి తాళంచెవి బయటికి లాగుతాడు. ఇంజను ఆగదు, యంత్రమే దానిని నడిపిస్తూ వుంటుంది. అతడు దిగి తలుపు మూసి రిమోటుతో లాకు చేస్తాడు. అన్ని తలుపులూ మూసుకున్నాయని రూఢి అయిన తరువాతనే యంత్రం ఇంజనును ఆపుతుంది. చూచేవారికి ఇది వట్టి తంతుగా కనిపిస్తుంది. కాని ఆలోచిస్తే ఇది ఒక సాక్ష్యం. క్లచ్ మీద కాలు లేకుండా, కదలని కారులో ఇంజను నడుస్తున్నదంటే గేరు తీసి వున్నట్లే. గేరులో వుంటే ఇంజను ఆగిపోవాలి, లేదా కారు కదలాలి. అటుపిమ్మట ఏ తలుపూ తెరుచుకోలేదు గనుక గేరు కర్రను ఎవరూ ముట్టుకోలేదు. తలుపు తెరిచినా, హ్యాండ్‌బ్రేకు దించినా, బ్రేకు పెడలు తొక్కినా ఆ సాక్ష్యం రద్దవుతుంది. మరుసటి ఉదయం మీట నొక్కితే యంత్రం మూగనోము పడుతుంది. యజమాని విసుక్కుంటూ క్రిందికి దిగి తాళం త్రిప్పుకోవలసిందే. ఆ విసుగే ఈ యంత్రపు గొప్పతనం.

అయితే ఈ సాక్ష్యం ఎంత గట్టిది? దిగేటప్పుడు కిటికీ అద్దం దించి వుంటే తలుపు తెరవకుండానే లోపలికి చేయి పోతుంది. వెనుక సీటులో పిల్లలు వుండిపోతే తలుపుతో పని లేనే లేదు. తలుపు స్తంభంలోని చిన్న స్విచ్చి చెమ్మకు తుప్పు పట్టి, తెరిచిన తలుపును మూసినట్లు చెప్పవచ్చు. 2006 ఆగస్టులో తాపీ నది నగరాన్ని ముంచెత్తినప్పుడు వేలాది వాహనాలు నీట మునిగాయి. ఒకసారి వరదనీరు త్రాగిన వైర్ల మాటను నమ్మడం కష్టమని ఏ ఎలక్ట్రీషియన్‌ను అడిగినా చెబుతాడు. హ్యాండ్‌బ్రేకు స్విచ్చి సంగతి మరీ విచిత్రం. కర్ర పైకి లేచిందా లేదా అన్నది మాత్రమే దానికి తెలుసు. తీగ సాగిపోయి బ్రేకు పట్టుతున్నదో లేదో దానికి తెలియదు.

అసలు ప్రమాదం దుకాణంలోనే మొదలవుతుంది. చౌకరకం యంత్రంలో పై తంతు వుండదు. వున్నా, రోజూ పాటించలేక యజమాని చిరాకు పడతాడని అమర్చేవాడే దానిని తీసివేస్తాడు. క్లచ్ తొక్కితేగాని స్టార్టు కానట్లు కంపెనీ ఏర్పాటు చేసిన కార్లలో ఆ స్విచ్చి రెండు కొసలనూ ఒక వైరు ముక్కతో కలిపివేస్తాడు. పది నిమిషాల పని. ఆ క్షణంనుండి ఆ కారుకు క్లచ్ తొక్కి వున్నదన్న భ్రమ శాశ్వతంగా కలుగుతుంది. రిమోటుతోనే కాదు, తాళంచెవితో త్రిప్పినా అది గేరులో స్టార్టవుతుంది. మారుతి 800 వంటి పాతకార్లకు ఆ స్విచ్చి మొదటినుండీ లేదు గనుక వాటిలో తెంచవలసినది కూడా ఏమీ లేదు.

దుకాణంలో ఒక్క పరీక్ష చేయిస్తే యంత్రం గుణం బయటపడుతుంది. ఎదుట ఎవరూ లేని చోట, డ్రైవరు సీటులో మనిషి బ్రేకు మీద కాలు సిద్ధంగా వుంచుకొని కూర్చుండగా, తంతు పాటించకుండా రిమోటు నొక్కించాలి. ఇంజను తిరిగితే ఆ యంత్రాన్ని అక్కడే విప్పించి వేయాలి. ఆ తరువాత తంతు పాటించి, దిగి, లాకు చేసి, మళ్లీ తలుపు తెరిచి మూసి నొక్కించాలి. అప్పుడూ తిరగకూడదు. బానెట్ ఎత్తి వుండగా స్టార్టు కాకుండా చూచే చిన్న స్విచ్చి కూడా వున్నదో లేదో చూచుకోవాలి. అది లేకపోతే రేపు ఫ్యాను బెల్టు దగ్గర మెకానిక్కు వేళ్లు వున్నప్పుడు మేడమీద ఎవరో మీట నొక్కుతారు.

వైర్ల పనిని గురించి ఎంత చెప్పినా తక్కువే. తాళం వెనుకనుండి వచ్చే లావుపాటి వైర్లన్నింటి పనినీ ఈ యంత్రమే చేయాలి. వాటిని ఒలిచి, చుట్టి, నల్లటేపు అంటించి వదిలితే సూరత్ ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. వదులైన అతుకు వేడెక్కుతుంది; డాష్‌బోర్డు వెనుక పొగ అట్లాగే పుడుతుంది. అతుకు టంకం వేసిగాని, సరియైన పరికరంతో గట్టిగా నొక్కిగాని చేయాలి. బ్యాటరీనుండి వచ్చే వైరుకు బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు వుండాలి. పసుపు తొడుగు వున్న వైర్లు గాలిసంచులవి. వాటిని బల్బు పెట్టి పరీక్షించే మెకానిక్కు చేతిలో కారు పెట్టరాదు. డీజిలు కారయితే ఇంజను వేడిచుట్టలు ఎర్రబడేదాకా యంత్రం కొన్ని సెకండ్లు ఆగాలి. కంపెనీ వైర్లను కోస్తే విద్యుత్ భాగాలకు వారంటీ పోవచ్చునన్నది దుకాణదారు సాధారణంగా చివరకు చెప్పే మాట, లేదా చెప్పని మాట.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 126వ సెక్షన్ చాలామంది డ్రైవర్లు వినికూడా వుండరు. బహిరంగ స్థలంలో నిలిచిన వాహనం సీటులో లైసెన్సు కలిగిన మనిషి అయినా వుండాలి. లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసి, డ్రైవరు లేనప్పుడు వాహనం పొరపాటున కదలకుండా తగిన జాగ్రత్త అయినా తీసుకోవాలి అని దాని సారాంశం. వీధిలో ఎవరూ లేని కారు ఇంజను గుర్రుమంటూ నడవడం ఈ మాటలకు ఎంత దూరమో పాఠకులే ఆలోచించవచ్చు. మూసివున్న సెల్లారులో అయితే మరొక గండం: పొగగొట్టంనుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు.

ఇక అలారం. చలనాన్ని పసికట్టే చిన్న పరికరం ఒకటి డాష్‌బోర్డు క్రింద వుంటుంది. దొంగ తాకిడికీ, దీపావళి టపాకాయ ధ్వనికీ, ప్రక్కనుండి పోయే గుడ్డలమూటల లారీ అదురుకూ దానికి తేడా తెలియదు. వారం రోజులు అర్ధరాత్రి వీధంతా మేల్కొంటుంది. ఎనిమిదవ రోజున యజమాని సిగ్గుపడి దాని స్పర్శజ్ఞానాన్ని పూర్తిగా తగ్గించివేస్తాడు. అప్పటినుండి అది అలంకారం. నివాసప్రాంతాలలో రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 వరకు ధ్వని 45 డెసిబెల్స్ దాటరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. సైరను నూరు దాటుతుంది. నిజానికి దొంగను ఆపేది మోత కాదు. తాళంచెవిలో దాగిన చిప్పు చెప్పే సంకేతాన్ని ఇంజను గుర్తుపడితేనే నడిచే ఏర్పాటు కొత్తకార్లలో వుంటున్నది. కంపెనీ ఇచ్చిన ఆ మూగ కాపలాదారుకు సైరనుకన్న పని ఎక్కువ.

ఇక్కడ ఒక వింత జరుగుతుంది. తాళంచెవి లేకుండా ఇంజను స్టార్టు కావాలంటే ఆ కాపలాదారును మోసపుచ్చాలి. అందుకు సులభమార్గంగా కారుతో వచ్చిన రెండవ తాళంచెవిలోని చిప్పును డాష్‌బోర్డు వెనుక శాశ్వతంగా దాచివేస్తారు. దొంగతనానికి భయపడి అలారం కొన్నవాడు, రిమోటు మోజులో ఇంటితాళాన్ని గుమ్మంలోనే వ్రేలాడదీసినట్లయింది. మంచి యంత్రంలో ఆ చిప్పు రిమోటు పిలిచినప్పుడు మాత్రమే మాట్లాడుతుంది; నాసిరకపు అమరికలో ఎల్లవేళలా మాట్లాడుతూనే వుంటుంది. రిమోటు సంకేతమైనా నిత్యం ఒక్కటే అయితే దానిని పట్టి దాచి మళ్లీ వినిపించడం చిన్నపని. నొక్కిన ప్రతిసారీ మారే సంకేతాన్నే అడిగి తీసుకోవాలి.

కంపెనీలు ఈ సమస్యను ఎట్లా తీర్చాయి? గేరుపెట్టె లోపలనే, గేరు తీసి వున్నదీ లేనిదీ చెప్పే చిన్న సెన్సారును అమర్చి. సిగ్నలు దగ్గర ఇంజను తనంతట ఆగి ఇంధనం పొదుపు చేసే ఏర్పాటుకోసం అది చేతిగేరు కార్లలోనికి వచ్చింది. రిమోటు స్టార్టరుకు కావలసిన సాక్షి కూడా అదే. ఆ సెన్సారు వుండి, కంపెనీయే రిమోటు స్టార్టు ఇచ్చిన చేతిగేరు కార్లు ఇటీవలి సంవత్సరాలలో మన దేశంలో కూడా అమ్మకానికి వచ్చాయి. ఆ సౌకర్యం తప్పనిసరి అనుకొనేవారు అటువంటి కారునే కొనడం మేలు. పాతకారుకు అలారం, రిమోటుతో తలుపుల లాకు చాలును. చల్లదనం మాటకు వస్తే, ఎక్కేముందు నాలుగు తలుపులూ రెండు నిమిషాలు బార్లా తెరిచి వుంచితే లోపలి వేడిగాలి చాలావరకు పోతుంది. దానికి వైరు కోయనక్కరలేదు.

ఇప్పటికే యంత్రం పెట్టించుకున్నవారు ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ, సెలవులకు వచ్చే బావమరిదికి సైతం, తంతును చేసి చూపించాలి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు రిమోటు భాగాన్ని నిలిపివేసే మీట ఎక్కడ వున్నదో మెకానిక్కుకు చెప్పాలి. రిమోటును పిల్లలకు అందని చోట వ్రేలాడదీయాలి. కారు అమ్మేనాడు తెగగొట్టిన క్లచ్ స్విచ్చిని మళ్లీ కలిపించి, డాష్‌బోర్డు వెనుక దాచిన రెండవ చిప్పును బయటికి తీయించి, కొన్నవాని చేతికి రెండు తాళాలూ లెక్కపెట్టి ఇవ్వాలి.